మా కరిసల్‌లో తెలుగు పలికిన పెట్టెలు

తమిళనాట అచ్చయ్యే త్యాగరాజ కీర్తనల పుస్తకాలు చూశారా? పాట తెలుగు, లిపి తమిళం. ఒకే అక్షరం పక్కన చిన్న చిన్న అంకెలు వేస్తారు. ఒకటో క, రెండో క, మూడో క, నాలుగో క. అంటే క, ఖ, గ, ఘ. తమిళంలో ఆ నాలుగింటికీ అక్షరం ఒక్కటే కనుక ఈ ఏర్పాటు. అంకెలు వేయని పుస్తకమైతే కథ, కద, గద, గత నాలుగూ ఒకటే రాత. ఏ మాటో తెలియాలంటే ఎవరైనా పక్కన కూచుని పలికి వినిపించాలి. మా ఏళాయిరంపన్నై చుట్టుపట్ల తెలుగు ఇళ్ళలో పిల్లలు బడిలో చదివేది తమిళమూ ఇంగ్లీషూ. తెలుగు వాళ్ళకు చెవిగుండా రావలసిందే. ఇంట్లో మాట్లాడే తెలుగు ఉంది, కాదనను. కాని అందులో ఒత్తులు మా తాతల నాటికే సగం రాలిపోయాయి. కీర్తనలోనో పద్యంలోనో ఉండే నిండు పలుకు మాకు పెట్టెలోంచే రావాలి. అందుకే ఇంట్లో ఏ స్పీకరు పెట్టుకోవాలి, ఉన్నదాన్ని ఎప్పుడు మార్చాలి అనే మాట బయటివాళ్ళకు డబ్బున్నవాళ్ళ షోకుగా కనిపించినా, మాకు మాత్రం అది పిల్లలకు పంతులును కుదుర్చుకునే వ్యవహారం.

మా ఊరు విరుదునగర్ జిల్లాలోది. కోవిల్పట్టి, సాత్తూరు, శివకాశి మూడూ పొద్దున వెళ్ళి పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరే దూరంలోనే ఉన్నాయి. కరిసల్ అంటే నల్లరేగడి. పత్తి, జొన్న, సజ్జ, మిరప. వాన లేని ఏడు అగ్గిపెట్టెలూ టపాసులే అన్నం పెడతాయి. ఈ నేల మీద తెలుగువాళ్ళు ఎప్పుడు వచ్చారు, ఎందుకు వచ్చారు అన్నది కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం'లో (1976) తమిళంలో చెప్పారు. ఆయనా, కు. అళగిరిసామీ ఇద్దరూ కోవిల్పట్టి పక్కన ఇడైచెవల్ వాళ్ళు. ఇంటి మాట తెలుగు, రాత తమిళం. ఇద్దరికీ సంగీతం పిచ్చి. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను, లేకపోతే వ్యాసం అటే పోతుంది.

కోవిల్పట్టికి తూర్పున ఎట్టయపురం ఉంది. రాజకంబళం వారి సంస్థానం. ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆ వంశంలోని సుబ్బరామ దీక్షితులు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని అక్కడి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చు వేయించారు. తెలుగు లిపిలో! ఇప్పుడు ఎట్టయపురం బజారులో తెలుగు అక్షరం వెతికితే దొరకదు గాని, కర్ణాటక సంగీతానికి ఆకరంగా నిలిచిన ఆ పెద్ద గ్రంథం తెలుగు అచ్చుతో ఆ ఊళ్ళోంచే బయటికి వచ్చింది. స్వరాల మీద గమకాలకు ఆయన ప్రత్యేకంగా గుర్తులు ఏర్పాటు చేశారు. ఇక్కడ ఊపాలి, ఇక్కడ జార్చాలి అని కంటికి కనిపించేట్టు. శబ్దాన్ని కాగితం మీద నిలబెట్టే ప్రయత్నం అది. దానికి రెండేళ్ళ ముందు, 1902 నవంబరులో, గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటను లక్కపళ్ళెం మీదికి ఎక్కించాడు. ఈ రెండూ ఒకే పనికి రెండు దారులని నేననుకుంటాను. కాగితం అక్షరాన్ని కాపాడి గొంతును వదిలేసింది. పళ్ళెం గొంతును పట్టుకుని అక్షరాన్ని మింగింది.

అక్షరాన్ని ఎందుకు మింగింది? ఆ రోజుల్లో రికార్డింగులో కరెంటు లేదు. పాడేవాళ్ళు గొట్టంలో మూతి పెట్టి గట్టిగా పాడితే, ఆ ఊపిరి తోపుకే సూది కదిలి మైనం మీద గాడి గీసేది. వినేటప్పుడూ అంతే, గాడిలో సూది కదిలి గొట్టంలోంచి శబ్దం వచ్చేది. అలా పట్టుబడేది సుమారు 200 హెర్ట్జ్ నుంచి 2,500 దాకానే. ఒకటో కట్టై శ్రుతిలో మగగొంతు షడ్జం 130 దగ్గర ఉంటుంది. అచ్చుల బలమంతా 300 నుంచి 2,500 లోపల దొరికిపోతుంది కనుక రాగం వినిపిస్తుంది, మనిషి ఎవరో పోల్చుకోవచ్చు. స అనే అక్షరంలోని బుస మాత్రం 5,000 పైన ఉంటుంది. శ కాస్త కిందుగా మొదలవుతుంది. ఆ పైభాగం కోసేస్తే స, శ, ష మూడూ ఒకటై, ఒక్కోసారి ఫ తోనూ కలిసిపోతాయి. ఒత్తక్షరం సంగతి మరీ సున్నితం. ధ పలికినప్పుడు ద తరువాత వచ్చే చిన్న ఊపిరే దాని ప్రాణం. సెకనులో పదో వంతు కూడా ఉండదు, పైగా మెల్లగా ఉంటుంది. గరగరమనే లక్కపళ్ళెంలో అది ఎక్కడ మిగులుతుంది?

1925 ఈ కథలో పెద్ద మలుపు. ఆ ఏడు మైక్రోఫోనుతో, విద్యుత్తుతో రికార్డు చేయడం మొదలైంది. అదే ఏడు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ తమ కొత్త లౌడ్‌స్పీకరు గురించి పత్రం ప్రకటించారు. కాగితపు శంకువు, దాని మెడకు సన్నని రాగితీగ చుట్ట, ఆ చుట్ట చుట్టూ అయస్కాంతం. పాట తాలూకు కరెంటు తీగలో పారితే చుట్ట ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దానితోపాటు కాగితం ఊగి గాలిని కదుపుతుంది. అంతకుముందూ ఇలాంటి ఆలోచనలు ఉన్నాయి. 1898లో ఆలివర్ లాడ్జ్ ఒకటి పేటెంటు చేశాడు. కాని కాగితం ఎంత మెత్తగా ఊగాలి, దాన్ని పలకలో ఎలా బిగించాలి అన్నది లెక్కకట్టి చూపినవాళ్ళు వీళ్ళిద్దరు. ఈనాడు లక్షలు పోసి కొనే స్పీకర్లలోనూ చాలావాటి గుండె ఇదే. కాగితానికి బదులు ప్లాస్టిక్కో అల్యూమినియమో వచ్చి ఉండవచ్చు.

టాకీలు వచ్చాక మా వైపు జనం గుంపుగా తెలుగు విన్నది తెర వెనక స్పీకర్లోంచే. మొదటి తమిళ టాకీగా చెప్పే 'కాళిదాస్' (1931)లో తమిళంతోపాటు తెలుగూ వినిపించింది. పూర్తి తెలుగు మాటల 'భక్త ప్రహ్లాద' మరుసటి ఏడు వచ్చింది. తమిళ సినిమా నోరు తెరిచిన రోజునే అందులో తెలుగు ఉందని మా పిల్లలకు చెబితే నమ్మరు.

ఇక మా ఊళ్ళకు స్పీకరు అంటే చాలాకాలం గొట్టమే. చింతచెట్టుకో తాటిచెట్టుకో కట్టిన వెండిరంగు గొట్టం. దాన్ని ఇక్కడ రేడియో సెట్టు అంటారు, అందులో రేడియో ఉన్నా లేకున్నా. మా మేనమామ 1960లలో రేడియో సెట్టు అద్దెకు ఇచ్చేవాడు. రెండు గొట్టాలు, ఒక ఆంప్లిఫయరు, బ్యాటరీ, రికార్డుల పెట్టె, అన్నీ ఎద్దుల బండి మీద. మాఘమాసంలో ఆయనకు రాత్రీ పగలూ తీరిక ఉండేది కాదు. తమిళ రికార్డులు బోలెడు. వాటి నడుమ గుడ్డలో చుట్టి ప్రత్యేకంగా దాచిన తెలుగు రికార్డులు నాలుగైదు. తెలుగు ఇంట పెళ్ళయితే తాళి కట్టే ముందు అవి వేసేవాడు. ముసలివాళ్ళు పందిట్లోంచి లేచి గొట్టం కిందికి వచ్చి నిలబడేవాళ్ళు.

గొట్టం గొప్పదనం గొట్టానిది. ఒక వాటు కరెంటు ఇస్తే మీటరు దూరంలో 105 డెసిబెల్ దాకా మోగుతుంది. ఇంటి పెట్టెలు అదే వాటుకు 83 నుంచి 90 మధ్య ఉంటాయి. మైలు దూరానికి కబురు పోవాలంటే గొట్టం తప్ప వేరే దారి లేదు. కాని దానికి 300 హెర్ట్జ్ కింద గొంతు లేదు, ఐదారు వేల పైన పలుకు లేదు. మృదంగం తొప్పి వినపడదు, తోలు మీద వేలు తట్టిన చప్పుడే వినపడుతుంది. మామ దీన్ని తన మాటల్లో చెప్పేవాడు: "గొట్టంలో మాట దూరం పోతాదిరా, దగ్గరికి రాదు." ఇంజనీరింగు చదివినవాళ్ళు ఇంతకంటే బాగా చెప్పగా నేను వినలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు వచ్చి, రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా లౌడ్‌స్పీకర్లు ఆపాలన్నాక తెల్లవార్లూ మోగే గొట్టాల కాలం ముగిసింది. నిద్రపోయేవాళ్ళకు మేలే జరిగింది, నాకేమీ బెంగ లేదు.

ఒక్క వాద్యానికి మాత్రం గొట్టమే తగినదని ఒప్పుకోవాలి, నాదస్వరానికి. నాదస్వరం కిందనుండే అనసు కూడా గొట్టమే కదా. కారుకురిచ్చి అరుణాచలంగారు (1921–1964) స్థిరపడిన ఊరు కోవిల్పట్టి. ఆయన విగ్రహం అక్కడ ఉంది. 1962లో వచ్చిన 'కొంజుం సలంగై' సినిమాలో ఆయన నాదస్వరం, ఎస్. జానకి గొంతు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తే పాట తెలియనివారు ఈ వైపు లేరు. పాట తమిళం, పాడిన గొంతు గుంటూరు సీమది, ఊదిన ఊపిరి మా కోవిల్పట్టిది. కొత్త స్పీకరు ఏది కనబడ్డా నేను మొదట వేసేది ఆ పాటే. నాదస్వరం సీవాళి నుంచి వచ్చే పదును చెవిని గుచ్చితే ఆ పెట్టెలోని చిన్న స్పీకరు, అదే ట్వీటరు, దొంగది. నాదస్వరం మెత్తబడి సన్నాయిలా వినిపిస్తే దుకాణదారు చెవికి ఇంపుగా ఉండాలని పైభాగం తగ్గించిన పెట్టె అది. గుచ్చకుండా నిండుగా ఉంటూ, వెనకాల జానకి గొంతు చిక్కిపోకుండా ఉంటే కూచుని మాట్లాడుకోవచ్చు.

రేడియో గురించి ఎక్కువ చెప్పను. మద్రాసు కేంద్రం 1938లో, తిరుచ్చి 1939లో, తిరునెల్వేలి 1963లో వచ్చాయి. విజయవాడ 1948లో వచ్చినా ఇంత దూరం పగటిపూట అందేది కాదు. మాకు తెలుగు పాట తెచ్చిపెట్టింది సముద్రం అవతలి సిలోన్. మీడియం వేవులో ఒక్కో స్టేషనుకు ఇచ్చే చోటే ఇరుకు. 5,000 హెర్ట్జ్ దగ్గరే గోడ. మంచి వాల్వు రేడియోలో గొంతు వెచ్చగా వచ్చేది గాని, స శ తేడా కావాలంటే మనమే ఊహించుకోవాలి. తెలుగు తెలిసినవాడు ఊహించుకోగలడు, తెలియని పిల్లవాడు ఎలా ఊహించుకుంటాడు? మా తరం దాకా ఆ ఊహతోనే నెట్టుకొచ్చాం. ఆ తరువాతి వాళ్ళకు అది చాలలేదు.

1974లో ఘంటసాల కన్నుమూసిన ఏడు ఆయన భగవద్గీత రికార్డు వచ్చింది. 1978లో 'మరో చరిత్ర' తెలుగులోనే మద్రాసులో ఏడాదిన్నరకు పైగా ఆడింది. 1980లో 'శంకరాభరణం'. దానికి సంగీతం కూర్చిన కె.వి. మహదేవన్ నాగర్‌కోయిల్ వైపు మనిషి, తమిళుడు. ఈ మూడూ ఎల్పీలుగా, తరువాత క్యాసెట్లుగా మా ఇళ్ళకు చేరాయి. క్యాసెట్టు సరిగా నింపితే 10,000 హెర్ట్జ్ దాటి పలుకుతుంది. అంటే స పూర్తిగా ఉంది, శ వేరుగా ఉంది, ఘంటసాల ఒత్తు ఒత్తుగా ఉంది. సరుకు ఇంటికి వచ్చేసింది, దాన్ని దించుకునే పెట్టె లేదు. టూ-ఇన్-వన్‌లోని అరచేతి వెడల్పు స్పీకరు సగం తినేసేది. ఇంటికి మంచి స్పీకరు కావాలన్న ఆలోచన మా వైపు మొదలైంది అప్పుడే.

బయటి ప్రపంచంలో ఆ పని అప్పటికే చాలా దూరం నడిచింది. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్, గాలి దూరని మూసిన చిన్న పెట్టెలో లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకుని లోతైన శబ్దం రప్పించవచ్చని చూపాడు. అంతవరకూ మంద్రం కావాలంటే బీరువా అంత పెట్టె కావలసి వచ్చేది. 1957లో ఇంగ్లండులో పీటర్ వాకర్ కాగితం, తీగచుట్ట రెండూ లేకుండా సన్నని పొరను విద్యుత్తు పీడనంతో కదిలించే క్వాడ్ స్పీకరు తెచ్చాడు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, ఆ తరువాత రిచర్డ్ స్మాల్, ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావాలో అంకెల్లో కట్టిపెట్టారు. ఈనాడు ఇంట్లో పెట్టె కొట్టుకునే వడ్రంగి కూడా వాళ్ళ లెక్కే వాడుతున్నాడు, పేరు తెలియకపోవచ్చు.

మన పనికి అన్నిటికంటే దగ్గరిది బి.బి.సి. కథ. ఆ సంస్థ ఇంజనీర్లకు కావలసింది రేడియోలో మాట్లాడే మనిషి గొంతు ఉన్నది ఉన్నట్టు వినిపించే పెట్టె. వాళ్ళు పరీక్షకు పెట్టుకున్న సరుకుల్లో ముఖ్యమైనది మాట. తెలిసిన మనిషిని మాట్లాడించి, ఆ గొంతునూ పెట్టెలోంచి వచ్చే గొంతునూ పోల్చి చూసుకునేవారు. రోజూ వినే గొంతులో తేడా వస్తే ఎవరి చెవయినా పట్టేస్తుంది, తంత్రీవాద్యంలో వస్తే పట్టదు. ఊరూరా తిరిగి ప్రసారాలు చేసే వ్యానులో పట్టేందుకని 1970ల మొదట్లో వాళ్ళు తయారుచేసినదే ఎల్.ఎస్. 3/5ఏ. ఎత్తు ఒక అడుగు, వెడల్పు పంతొమ్మిది సెంటీమీటర్లు, లోపల పట్టే గాలి ఐదు లీటర్లు. అరిచిపెట్టదు, గోడలు అదిరించదు. వాటుకు 83 డెసిబెల్ కూడా కష్టం. కాని ఎదురుగా మనిషి కూచుని మాట్లాడుతున్నట్టుంటుంది. అందుకే వ్యాను పనికి పుట్టిన పెట్టెను జనం ఇళ్ళకు కొనుక్కుపోయారు. దానికి వారసులుగా వచ్చిన పెట్టెలు ఇప్పటికీ తయారవుతున్నాయి.

ఇవేవీ 1991కి ముందు మన దేశంలో మామూలు మనిషి చేతికి అందేవి కావు. దిగుమతి ఆంక్షలు, సుంకాలు. సింగపూర్ నుంచో గల్ఫ్ నుంచో వచ్చేవాళ్ళ సామానులో రావాలి, లేదా మద్రాసు బర్మా బజారులో బేరమాడాలి. దేశంలో తయారైనవాటిలో కలకత్తా సోనోడైన్ పేరు వినేవాళ్ళం. మా ఇంటికి మొదట వచ్చిన పెట్టెల జత 1980లలో దేశవాళీదే. ఆ జత ఇరవై ఏళ్ళు పనిచేసింది. అంచున ఉండే నురుగు చుట్టు కరిసల్ ఎండకు పొడిపొడిగా రాలిపోయింది. చుట్టు మార్పించాను, మళ్ళీ రాలింది. అప్పుడు మార్చే మాట వచ్చింది.

మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. వాడి పట్టు టవరు స్పీకర్ల మీద. మనిషి ఛాతీ ఎత్తు, ఒక్కోదానిలో నాలుగు స్పీకర్లు. "నైనా, కొనేది ఒక్కసారే, పెద్దవే కొనండి. సినిమా చూసినా బాగుంటుంది" అన్నాడు. అతని మాటలో తప్పులేదు, డబ్బులో సగం అతనే ఇస్తానన్నాడు. నా లెక్క వేరు. మా మనుమరాలు కోవిల్పట్టిలో పాట నేర్చుకుంటోంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో తెలుగుకు మిగిలిన చోటు ఎంతో ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. అంకెల పుస్తకం చూసి పాడుతుంది. అంకె ఏ శబ్దం చేస్తుందో చెప్పవలసింది ఈ పెట్టె.

అందుచేత పరీక్ష పెట్టాం. టెలిఫోను కంపెనీ వాళ్ళు నూరేళ్ళ కిందటే ఈ పద్ధతి వాడారు. బెల్ ప్రయోగశాలలో హార్వే ఫ్లెచర్ అర్థం లేని అక్షరాలు చదివించి, అవతల వినేవాడు ఎన్ని సరిగా రాసుకున్నాడో లెక్కపెట్టేవాడు. మేము అర్థమున్న మాటలే తీసుకున్నాం. మా అక్కయ్య కడప జిల్లాకు కోడలుగా వెళ్ళింది, ఆమె పలుకు శుభ్రం. కథ, గద, కద, గత, ధనం, దానం, శాలి, సాలి, భారం, బారు, ఇలా కలగలిపి చదివించి రికార్డు చేశాం. అబ్బాయి స్నేహితుడి దగ్గర టవర్లు ఉన్నాయి, రెండు రోజులకు అరువు తెచ్చాడు. నేను బి.బి.సి. వంశపు చిన్న పెట్టెలు ఒక జత మధురైలో తెలిసినవారి దగ్గర తెచ్చాను. రెండు జతలకూ అడ్డంగా పంచె కట్టాం. ఏవి మోగుతున్నాయో వినేవాళ్ళకు తెలియకూడదు. కెనడాలోనూ తరువాత అమెరికాలోనూ ఫ్లాయిడ్ టూల్ అనే పరిశోధకుడు ఏళ్ళ తరబడి ఇలాంటి పరీక్షలు చేశాడు. పెట్టె కంటికి కనబడితే జనం వేసే మార్కులు మారిపోతాయని 1994లో తన సహచరుడు షాన్ ఆలివ్‌తో కలిసి చూపాడు. ఖరీదు, పరిమాణం, పేరు, అన్నీ చెవిలో దూరి మాట్లాడతాయన్నమాట. తెర వేశాక జనానికి నచ్చేవి ఏవీ ఎక్కువ చేయకుండా, ఏదీ తక్కువ చేయకుండా సమంగా పలికేవి. పక్కలకు పోయే శబ్దం కూడా ఒడిదుడుకులు లేకుండా ఉండాలి, ఎందుకంటే గదిలో గోడలు మనకు తిప్పి పంపేది దాన్నే.

మనుమరాలు పంచె ఇవతల కూచుని ఏ మాట విన్నదో చెప్పింది. టవర్లతో కథ, గద తరచు తారుమారయ్యాయి. చిన్న పెట్టెలతో తడబాటు తగ్గింది గాని పోలేదు. అబ్బాయి తన వంతు కూచుని విన్నాడు, ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే టవర్లలో లోపం లేదు, అవి మంచివే. వాటి మంద్రం మా గదిలో పట్టలేదు. మా గది పదిహేను అడుగులు, పన్నెండు అడుగులు, ఎత్తు పది. పదిహేను అడుగుల పొడవుకు 37 హెర్ట్జ్ దగ్గర గాలి ఊయలలా ఊగుతుంది. టవరు సరిగ్గా అక్కడే బలంగా పలుకుతుంది. దాంతో గది అంతా గుమ్ము. మన సంగీతానికి అంత లోతు అవసరమా? మగ తంబురా మంద్ర షడ్జం 65 దగ్గర ఉంటుంది. దాని కింద మనకు పని చాలా తక్కువ. 37 కోసం డబ్బు పోసి, ఆ 37తోనే ధ అక్షరాన్ని ముంచుకోవడం ఏం లాభం?

చిన్న పెట్టెలతో మిగిలిన తడబాటు గదిది. ఇక్కడ వాలెస్ సేబిన్‌ను తలచుకోవాలి. 1895లో హార్వర్డులో ఒక ఉపన్యాసశాలలో మాట అర్థం కావడంలేదని ఆయన్ను పిలిస్తే, రాత్రిళ్ళు పక్క నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలకు ఎంత మారుమోత తగ్గుతుందో గడియారంతో కొలిచాడు. ఆయన సూత్రం నేటికీ అదే: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చే వైశాల్యంతో భాగిస్తే మారుమోత ఎన్ని సెకన్లో తెలుస్తుంది, మీటర్లలో లెక్క. మా గది 51 ఘనమీటర్లు. కాంక్రీటు పైకప్పు, సిమెంటు గోడలు, టైల్సు నేల. ఖాళీగా ఉంటే మూడు సెకన్లకు పైన. ధ లోని ఊపిరి సెకనులో పదో వంతు లేదని చెప్పాను కదా. ముందు అక్షరం ఇంకా గదిలో తిరుగుతుండగానే అది వచ్చి పోతుంది. మా తాతల ఇళ్ళకు మట్టిగోడలు, ధాన్యం బస్తాలు, మూలన పత్తిగుట్ట ఉండేవి. ఆ ఇళ్ళలో మాట ఎంత దగ్గరగా వినిపించేదో, కొత్త మేడలు కట్టుకున్నాక మాకు తెలిసివచ్చింది.

మారుమోత అర సెకను లోపలికి రావాలంటే ఇరవై చదరపు మీటర్ల దాకా పీల్చే సరుకు కావాలి. దుకాణాల్లో అమ్మే విదేశీ నురుగు పలకల ధర విని లేచి వచ్చేశాను. పత్తి పండే నేల మీద కూచుని నురుగు కొనడం ఏమిటి? కోవిల్పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రం పేరు మోసిందే పత్తి వల్ల. ఈ నేల సొంత పత్తి కరుంగణ్ణి, పోగు పొట్టిది, నూలుకు ఇప్పుడు ఎక్కువమంది అడగరు గాని పరుపుకు దివ్యంగా ఉంటుంది. నాలుగు అంగుళాల మందంతో ఏడు పరుపులు కుట్టించి, చెక్క చట్రాల్లో బిగించి, గోడకు రెండంగుళాల ఎడంతో పెట్టించాను. పక్క గోడల మీద పెట్టె శబ్దం మొదట తగిలే చోట్ల నాలుగు, వెనక గోడకు మూడు. నేలకు జంపఖానా. పుస్తకాల బీరువా స్పీకర్లకు ఎదురుగోడకు చేర్చాం. మొత్తం ఖర్చు చిన్న పెట్టెల ధరలో పదో వంతు కాలేదు.

అదే మాటల వరస మళ్ళీ వేశాం. అక్కయ్య గద అంటే గద, కథ అంటే కథ. మనుమరాలు మధ్యలో ఆపి, "తాతా, ఇది అంకె రెండు కదా" అంది. థ అని దానికి పేరుందని అప్పుడు చెప్పాను.

చిన్న పెట్టెలే కొన్నాం. స్టాండ్లు మా ఊరి వడ్రంగి వేపచెక్కతో చేశాడు, కూచున్న మనిషి చెవి ఎత్తుకు ట్వీటరు వచ్చేట్టు. వెనక గోడకు రెండున్నర అడుగుల ఎడం. ఆంప్లిఫయరు గురించి అబ్బాయికి బెంగ ఉండేది, ఇంత మెల్లగా పలికే పెట్టెలకు వందల వాట్లు కావాలేమోనని. ఎనిమిది వాట్లిస్తే మీటరు దూరంలో 92 డెసిబెల్ వస్తుంది, మేము కూచునేది ఎనిమిది అడుగుల దూరంలో. మేళం గట్టిపడినప్పుడు ఒక్కసారిగా కావలసినదానికి కూడా యాభై వాట్లు ధారాళం. ఖరీదైన తీగలు కొనమని చెప్పేవాళ్ళు చెప్పారు. మామూలు మందపాటి రాగితీగ వేశాం.

ఇంకా తేలనిది కిటికీ. దక్షిణపు గాలి రావాలంటే అది తెరవాలి, తెరిస్తే వీధిలో లారీల మోత, పండగ ముందు నెలల్లో టపాసుల పరీక్షలు. మూస్తే ఫాను వేయాలి, ఫాను గరగర ఒత్తక్షరాల మీదే పడుతుంది. ప్రస్తుతానికి సాధన వేళను పొద్దున ఐదున్నరకు మార్చాం.